తిరిగొచ్చిన డబ్బా

డేవిడ్‌సన్ అబద్ధం చెబుతున్నాడని తొమ్మిదీ పదికల్లా తేలిపోయింది. నేను అతని గరాజ్‌లో అడుగుపెట్టింది తొమ్మిదింటికి.

తనని తాను కాపాడుకోవడానికి అబద్ధమాడేవాడు అడగనివి కూడా చెబుతాడు. ఇంకొకరి కోసం ఆడేవాడు అడిగిన దానికి కూడా సగమే చెబుతాడు. ఈ రెండో రకాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట. మొదటివాణ్ణి భయపెట్టి లొంగదీయొచ్చు. రెండోవాడు తనేదో త్యాగం చేస్తున్నాననుకుని కూర్చుంటాడు, మన టైము తింటాడు.

టైము లేదు. మర్నాడు ఉదయం పదింటికి కోర్టు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశానని డేవిడ్‌సన్ ఒప్పేసుకోబోతున్నాడు. ఒప్పుకుంటే రెండేళ్లకి కాస్త తక్కువ శిక్ష. ఆరు నెలలు దాటితే ఇక్కడ పర్మనెంట్ రెసిడెంట్ హోదా పోతుంది, అప్పీలు కూడా ఉండదు, జైలు నుంచి నేరుగా విమానం. తొమ్మిదేళ్లుగా సిటిజన్‌షిప్‌కి వచ్చే ఏడాది అప్లై చేద్దాం, వచ్చే ఏడాది అప్లై చేద్దాం అంటూ గడిపిన మనిషి. సాయంత్రం అయిదు లోపల పనికొచ్చేదేదైనా తెస్తే ఒప్పందం ఆపుతానని, నన్ను ఈ కేసు దర్యాప్తుకి పెట్టుకున్న అతని లాయరు చెప్పింది. లేకపోతే లేదు.

జరిగింది ఇది. కిందటి సెప్టెంబరు ఇరవై తొమ్మిది, ఆదివారం, కేంబ్రిడ్జ్ బయట షూటింగ్ రేంజ్‌లో డేవిడ్‌సన్, అతని స్నేహితుడు కిరీటి. రైఫిల్ కిరీటిది. తూటాలు డేవిడ్‌సన్ తన గరాజ్‌లో, వాడేసిన ఇత్తడి డొల్లల్లో మళ్లీ మందు నింపి చేసినవి. తూటా వేగం కొలిచే యంత్రం ప్రతి దెబ్బకీ టైము రాసుకుంది. పదీ ఆరు నుంచి పదీ పద్నాలుగు దాకా నాలుగు దెబ్బలు. అవి జూలైలో నింపిన పాత తూటాలు. నాలుగూ సక్రమంగా వెళ్లాయి. పదీ పంతొమ్మిదికి అయిదోది, ముందురోజే నింపిన కొత్త తూటాల్లో మొదటిది. దానికి యంత్రం వేగం రాయలేదు. రైఫిల్ వెనక భాగం పగిలి కిరీటి మొహంలోకి వచ్చింది. అంబులెన్స్ వచ్చేసరికి వాళ్లకి చేయడానికేమీ మిగల్లేదు.

కొత్త తూటాల్లో ఉన్న మందూ, డేవిడ్‌సన్ గరాజ్‌లోని డబ్బాలో ఉన్న మందూ ఒకటేనని పోలీసు ల్యాబ్ తేల్చింది. కానీ డబ్బా మీద రాసి ఉన్న మందు మాత్రం అది కాదు. దానికంటే చాలా వేగంగా మండే రకం.

మిలిటరీ సర్‌ప్లస్ మందుతో వచ్చే చిక్కే ఇది. సైన్యం వద్దనుకున్న మందుని పెద్ద ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి అమ్ముతారు. చవగ్గా వస్తుంది, మంచిదే వస్తుంది. కానీ దానికి బ్రాండ్ పేరుండదు, ఏ విడత సరుకో చెప్పే ఒక లాట్ నంబరుంటుంది అంతే. పెద్ద రైఫిల్‌కి వాడే మెల్లగా మండే రకమూ, కార్బైన్ అనే చిన్న తుపాకీకి వాడే చురుగ్గా మండే రకమూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, ఆవగింజలో సగం లేని నల్లటి గుళికలు. నంబరొక్కటే దిక్కు. కొత్త లాట్ వచ్చిందంటే పాత లెక్క పక్కన పడేసి, తక్కువతో మొదలుపెట్టి మళ్లీ పరీక్షించుకుంటూ రావాలి.

"మళ్లీ మొదట్నుంచీ చెప్పండి," అన్నాను. "శనివారం ఎన్నింటికి మొదలెట్టారు?"

"రెండింటికండి. మూడున్నరకి అయిపోయింది. ఇరవై తూటాలు."

"బల్ల మీద ఎన్ని డబ్బాలు?"

"ఒక్కటేనండి. ఒకటి కంటే ఎక్కువ ఎప్పుడూ పెట్టను."

"ఇంట్లో ఇంకో రకం మందుందా?"

"లేదండి."

"ఈ డబ్బా మీ చెయ్యి దాటి ఎక్కడికైనా..."

"లేదండి."

నేను ప్రశ్న పూర్తి చేయలేదు.

డేవిడ్‌సన్‌కి నలభై ఆరేళ్లు. కాకినాడ మనిషి, ఇక్కడ ఒక వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. గరాజ్ గోడకి స్పానర్లు సైజు ప్రకారం వేలాడుతున్నాయి. లోడింగ్ బల్ల మీద దుమ్ము లేదు, ఆర్నెల్లుగా ఎవరూ ముట్టుకోకపోయినా. పోలీసులు డబ్బానీ, మిగిలిన పంతొమ్మిది తూటాలనీ తీసుకెళ్లి మిగతావన్నీ ఫోటోలు తీసి వదిలేశారు. నోట్‌బుక్ కాపీ నా దగ్గరుంది. దాన్ని బల్ల మీద పరిచాను.

"ఇది మీ చేతిరాతేనా?"

"అవునండి."

"మార్చిలో గన్ షోలో ఎనిమిది పౌన్ల డబ్బా కొన్నారు. మార్చి నుంచి జూలై దాకా మీకూ కిరీటికీ కలిపి ఎనిమిది వందల తూటాలు నింపారు. ఒక్కోదానికి ఎంత వేశారో చివరి గుళిక దాకా రాసుకున్నారు. డబ్బాలో రెండు పౌన్ల పైచిలుకు మిగలాలి. అవునా?"

అతను తలూపాడు.

"పోలీసులు తూచినప్పుడు ఆరు పౌన్లుంది. వాడుతుంటే నిండే అక్షయపాత్ర ఈ కేంబ్రిడ్జ్‌లో మీ ఒక్కరికే దొరికిందా డేవిడ్ గారూ?"

అతని మొహంలో రంగు పోయింది. స్టూలు మీద కూలబడ్డాడు. ఇంతమంది నిపుణులు ఆ నోట్‌బుక్ చూసి 'అన్నీ రాసుకున్నాడు, కాబట్టి అన్నీ తెలిసే చేశాడు' అన్నారే తప్ప ఒక్కరూ కూడిక చేయలేదు. కూడికలు రాక కాదు. అవసరం లేక.

"ఎవరు తీసుకెళ్లారు?"

"సుందరి గారూ, వదిలేయండి."

"ఎవరు?"

నేల చూస్తూ చెప్పాడు. "కిరీటి అండి. జూలై ఆఖర్లో నాకు భుజం ఆపరేషన్ అయ్యింది. ఆరు వారాలు చెయ్యి లేవలేదు. వాడికి మ్యాచ్‌లున్నాయి, డబ్బా పట్టుకెళ్లి నింపుకోరా అన్నాను. తర్వాత ఎప్పుడో తిరిగొచ్చి షెల్ఫ్ మీదుంది. చూస్తే నేనిచ్చినదానికంటే ఎక్కువే ఉంది. ఎక్కడో అదే లాట్ దొరికుంటుంది, వాడిది పెద్ద చెయ్యి కదా, అనుకున్నాను."

"అడగలేదా?"

"ఏమని అడగమంటారండీ? ఎంత పోసిచ్చావు, ఏది పోసిచ్చావు అని అడుగుతామా? స్నేహితుడు తిరిగిచ్చినదాన్ని కొలుచుకుంటామా?" అతను తన రెండు చేతులూ చూసుకున్నాడు. "అడగాల్సిందండి. ఒక్క ఫోను. అడగలేదు. అందుకే ఒప్పుకుంటున్నాను."

"మరి పోలీసులకెందుకు చెప్పలేదు?"

"వాడు పోయాడు. ఇప్పుడు నేను లేచి, నీ మొగుడే తప్పుడు మందు పోశాడమ్మా, తన చావు తనే తెచ్చుకున్నాడు అని రాగిణితో చెప్పనా? ఆ అమ్మాయి నన్ను అన్నా అని పిలిచేది. అది నా నోటివెంట రాదండి."

చెప్పలేక ఇతను జైలుకి వెళ్తాడట. ఇతని భార్యాబిడ్డలు ఏమైపోయినా ఫరవాలేదట. నాకు కోపమొచ్చింది, ఆ కోపంలో కొంత నా మీద నాకున్నది కూడా.

పదకొండు కొట్టేసరికి ఆండీ దిగాడు.

అసలు పేరు ఆంజనేయప్రసాద్. ఆ పేరుని ఈ దేశం విమానాశ్రయంలోనే వదిలేశాడు. నా పేరు బాలత్రిపురసుందరి. పదిహేడేళ్లయినా ఇక్కడి ఏ ఫారంలోనూ పూర్తిగా పట్టలేదు, అయినా నేను వదల్లేదు. ఇద్దరం ఒకప్పుడు ఇండియాలో ఒకే మందుగుండు ఫ్యాక్టరీ పరీక్షా విభాగంలో పనిచేశాం. నేను సీనియర్ని, అతను నాకింద ట్రైనీ. అమెరికా మీదుగా ఇక్కడికొచ్చి కన్సల్టెంట్ అయ్యాడు. నా డిగ్రీలు ఇక్కడ చెల్లలేదు. పదకొండేళ్లు వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేసి, ఆ తర్వాత ప్రైవేటు ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆండీ షూటింగ్ క్లబ్ ఇన్సూరెన్స్ తరఫున, నేను ముద్దాయి తరఫున. నిబంధన ప్రకారం ఇద్దరం కలిసి గరాజ్ చూడాలి.

"హలో మేడమ్," అన్నాడు. "ఇంకా తిరుగుతున్నారా? రేపు అయిపోతుంది కదా."

"ఇవాళ ఇంకా అయిపోలేదు ఆంజనేయప్రసాద్."

ఆ పేరుకి అతని పెదవి కాస్త వంకర పోయింది. అందుకే పిలిచాను.

"నా రిపోర్ట్ సింపుల్," అన్నాడు, లోడింగ్ మెషిన్ మీద మందు పోసే పారదర్శకమైన గొట్టాన్ని గోటితో తడుతూ. "మీ వాడి దగ్గర ఇంకో రకం పౌడర్ ఉండేది. పనయ్యాక ఈ ట్యూబ్‌లో మిగిలింది తెచ్చి రాంగ్ డబ్బాలో పోశాడు. రీలోడింగ్ చేసేవాళ్లలో అతి మామూలు తప్పు. యాక్సిడెంట్ అయ్యాక రెండో డబ్బా మాయం చేశాడు. దట్స్ ఇట్."

"గొట్టం విప్పు."

"వాట్?"

"విప్పి వెలుతురులో పెట్టు."

విప్పాడు. నేను గరాజ్ తలుపు పైకెత్తాను. మార్చి ఎండ నేరుగా గొట్టంలోంచి దూరి అవతల గోడ మీద పడింది.

"ఈ రకం మందులో నైట్రోగ్లిజరిన్ ఉంటుంది. నీకు నేర్పింది నేనే, మర్చిపోయుంటే మళ్లీ చెబుతా. ప్లాస్టిక్‌లో నాలుగు వారాలు వదిలేస్తే అది పసుపెక్కుతుంది, మసకేస్తుంది, తర్వాత ఎంత కడిగినా పోదు. ఇది మంచినీళ్ల గ్లాసులా ఉంది. అయిదేళ్లు వాడిన గొట్టం. ఈ మనిషి ఒక్కరాత్రి కూడా ఇందులో మందు వదల్లేదు."

"ఖాళీ చేశాడు సరే. చేసి రాంగ్ డబ్బాలో పోశాడంటున్నా."

"ఎంత పడుతుంది ఇందులో?"

అతను గొట్టాన్ని బల్ల మీద పెట్టేశాడు. తెలుసు కాబట్టి.

"గ్లాసుడు. డబ్బాలో ఉండాల్సినదానికంటే ఎక్కువున్నది నాలుగు పౌన్లు దగ్గర. నోట్‌బుక్ నీ ఫైల్లో కూడా ఉంది, పన్నెండో పేజీ నుంచి కూడుకో. పొరపాటున అంత పడదు. ఎవరో కావాలని నింపారు, ఈ ఇంట్లో కాదు."

ఆండీ ఫోను తీసి లెక్క చూసుకున్నాడు. అతను తెలివితక్కువవాడు కాదు, అదే బాధ. రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అతని కళ్లు స్టూలు మీద తల వంచుకున్న డేవిడ్‌సన్ మీదికి వెళ్లాయి.

"కిరీటి," అన్నాడు మెల్లగా. "వాడే పట్టుకెళ్లాడు, వాడే నింపాడు. వావ్. ఇది నాకింకా బెటర్ మేడమ్. పేల్చినవాడిదే తప్పయితే క్లబ్‌కి సంబంధమే లేదు. థాంక్స్."

"రుజువుందా?"

"రుజువెందుకు? చచ్చిపోయినవాడు వచ్చి కాదంటాడా?"

అతను ఆ మాట ఆలోచించి అనలేదనుకుంటాను. కానీ అనగానే ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట ఆ ఫ్యాక్టరీ తూకపు గదిలో విజయరత్నం అనే కార్మికుడు కాలిపోయాడు. తూకపు యంత్రానికి ఎర్తింగ్ తెగిందని అంతకు పది రోజుల ముందే అతను రిజిస్టర్‌లో రాశాడు. ఎంక్వైరీ రిపోర్టులో మాత్రం అతని జేబులో అగ్గిపెట్టె ఉందని వచ్చింది. రాసింది ఆంజనేయప్రసాద్. కింద సీనియర్ సంతకం నాది. ఆ రిజిస్టర్ నేను చూశాను. చూసే పెట్టాను.

"ఇంకోసారి చచ్చినవాడి మీద తోయనివ్వను," అన్నాను.

"మీరు కూడా సైన్ చేశారు మేడమ్." గొట్టాన్ని జాగ్రత్తగా మెషిన్‌కి బిగించి, చేతులు తుడుచుకున్నాడు. "అయిదింటిలోపు నా కొత్త రిపోర్ట్ వెళ్లిపోతుంది. మీ వాడికీ మంచిదే. సగం నేరం కిరీటి మీదికి పోతుంది. నాకు మీరు థాంక్స్ చెప్పాలి."

కారెక్కి వెళ్లిపోయాడు. లాయరుకి ఫోను చేశాను. ఆమె విని, "కిరీటి నింపాడన్నది డేవిడ్‌సన్ మాటే కదా, ముద్దాయి మాట. ఎవరు, ఏ రోజు తెచ్చారో చూపించగలరా?" అంది. తేదీ కావాలి. తేదీ లేకపోతే ఇదంతా కబుర్లే.

పన్నెండూ పదికి వంటింట్లో డేవిడ్‌సన్ భార్య బాలకుమారి నా ముందు అన్నం పెట్టింది. వద్దన్నా పెట్టింది. ఎదురుగా వాళ్ల అమ్మాయి ఫెయిత్, పదిహేనేళ్లు. ఆవేళ స్కూలు లేదు.

"ఒప్పేసుకుంటానంటున్నాడండి ఈ మనిషి," అంది బాలకుమారి. "ఆయన్ని పంపించేస్తే దీన్ని తీసుకుని నేనెక్కడికి పోవాలి? ఇది అక్కడ బతకలేదు, నేను ఇక్కడ ఒంటరిగా ఉండలేను. ప్రార్థన చేస్తే మాటలు రావట్లేదండి."

నేను పైకి చూశాను. ఫ్రిజ్ మీద ఒక స్టీలు డబ్బా ఉంది. మూత మీద చుక్కలతో పేరు చెక్కి ఉంది: రాగిణి.

"ఇది కిరీటి వాళ్లదా?"

"వాళ్లదేనండి. వినాయక చవితికి సున్నుండలు తెచ్చింది. దేవుడి దగ్గర పెట్టినవి కాదొదినా, మీకోసం ముందే విడిగా తీశాను, అని కూడా చెప్పింది. అంత కనిపెట్టుకుని ఉండే పిల్లండి. తిరిగివ్వాలంటే ఖాళీగా ఎలా పంపుతాం? క్రిస్మస్‌కి కేకు చేసి పెట్టి పంపుదామనుకున్నాను. ఈలోగా ఇలా అయ్యింది. ఇప్పుడు ఏం పెట్టి పంపినా తీసుకోదు. ఖాళీగా పంపడానికి నాకు చెయ్యి రాదు. అలా ఉండిపోయింది."

నా ముద్ద చేతిలోనే ఆగింది.

"సున్నుండలతోపాటు ఇంకేమైనా తెచ్చిందా?"

"నేను డ్యూటీలో ఉన్నానండి. ఫోన్లోనే మాట్లాడింది."

"జగ్," అంది ఫెయిత్, ఫోనులోంచి తల ఎత్తకుండా. "డాడ్స్ పౌడర్ జగ్. షి డ్రాప్డ్ ఇట్ ఆఫ్ విత్ ద లడ్డూస్. ఐ పుట్ ఇట్ ఇన్ ద గరాజ్."

బాలకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా తల్లీ?"

"నోబడీ ఆస్క్‌డ్ మీ."

నిజమే. పోలీసులు అడగలేదు, ఆండీ అడగలేదు. నాలుగు నెలలుగా ఈ ఇంటికి వస్తూ నేనూ అడగలేదు.

"అంకుల్ కూడా వచ్చాడా?"

"నో, జస్ట్ ఆంటీ. వెయిట్, ఐ హావ్ అ పిక్."

స్నేహితురాలికి పంపడానికి సున్నుండల్ని ఫోటో తీసింది. సెప్టెంబరు ఏడు, శనివారం, సాయంత్రం అయిదూ నలభై రెండు. గుమ్మం మెట్టు మీద మూత తీసిన స్టీలు డబ్బా. పక్కనే లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ జగ్గు, ఆ మందు డబ్బా. మూత మీద డేవిడ్‌సన్ మార్కర్‌తో రాసిన లాట్ నంబరు. నల్లటి మందు మూడొంతులకి నిండి ఉంది.

నా ఫైలు తెరిచాను. వెతకక్కర్లేదు, నాకు గుర్తుంది. అయినా తెరిచాను. కిరీటి ఆఫీసు ఇచ్చిన లెటర్: సెప్టెంబరు మూడు నుంచి పదకొండు దాకా అతను ఈ దేశపు అవతలి కొసన, వాంకూవర్‌లో ఉన్నాడు.

లాయరుకి ఫోటో పంపాను. అది చాలదని ఆమె అనకముందే నాకు తెలుసు. జగ్గు ఎవరు తెచ్చారో తేలింది. ఎవరు నింపారో తేలలేదు. వెళ్లే ముందే కిరీటి నింపి పెట్టి ఉండొచ్చు. దారి పొడవునా ఆ మాటే అనుకున్నాను. పొద్దున ఆండీ మీద అంత ఎగిరి, ఇప్పుడు అతని కథే నిజమైతే బాగుండునని కోరుకున్నాను. సిగ్గేసింది, కానీ కోరుకున్నాను.

రాగిణికి నాలుగింటి దాకా ఇంటి నుంచే ఆఫీసు మీటింగులు. నాలుగూ పదిహేనుకి తలుపు తీసింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, కళ్లకింద నలుపు. నేను డేవిడ్‌సన్ తరఫు మనిషినని తెలుసు. అయినా జనవరిలో మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె తిండి తినట్లేదని విని నిమ్మకాయ పచ్చడి పట్టుకెళ్లాను. అప్పట్నుంచి తిట్టకుండా మాట్లాడుతుంది.

నా కోటు జేబులో రికార్డరు తిరుగుతోంది. ఎవరితో మాట్లాడినా తిరుగుతుంది. మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరికి తెలిస్తే చాలంటుంది ఇక్కడి చట్టం. ఆ ఒకరు నేను.

"రేపు కోర్టులో చదవాలంట ఆంటీ," అంది, బల్ల మీది రెండు కాగితాలు చూపిస్తూ. భర్త పోయాక తన బతుకేమైందో జడ్జికి చెప్పే వాంగ్మూలం. "ఇంగ్లీష్‌లో రాశా. ఒక్క లైన్ మాత్రం తేలట్లేదు. డబ్బాలో ఏముందో చూసుకోడానికి అతనికి ఒక్క నిమిషం తీరిక లేకపోయింది. ఇది గట్టిగా ఉందా, ఇంకా రాయాలా?"

"గట్టిగానే ఉంది," అన్నాను.

"అన్నా అన్నా అని తిరిగాను ఆయన వెనక. నా కిరీటిని చంపేశాడు. తెలిసి చేశాడని నేననను. కానీ చూసుకోవాలి కదా. చేతిలో ప్రాణాలున్నప్పుడు చూసుకోవాలి కదా ఆంటీ."

"చూసుకోవాలి."

"అయ్యో, మీ డబ్బా ఇక్కడే ఉండిపోయింది. ఉండండి." వంటగట్టు దగ్గరికి వెళ్లింది. పొయ్యి మీద మూకుడులో పులిహోర ఉంది. పచ్చడి పోసి నేనిచ్చిన నా స్టీలు డబ్బా తోమి బోర్లించి ఉంది. దాన్ని తీసుకుని గరిటెతో నింపడం మొదలుపెట్టింది.

"వద్దమ్మా, ఊరికే ఇచ్చెయ్."

"ఖాళీగానా? మా అమ్మ ఉంటే నా వీపు చీరేసేది."

అడగకుండా వెళ్లిపోవచ్చు. నాలుగూ ముప్పై అయింది. ఆండీ రిపోర్టు అయిదింటికి వెళుతుంది. కిరీటి మీద సగం, డేవిడ్‌సన్ మీద సగం. ఈ పిల్లకి ఏమీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. డేవిడ్‌సన్ విమానమెక్కుతాడు, బాలకుమారి దిక్కు తోచక నిలబడుతుంది. నేను మళ్లీ ఒక రిజిస్టర్ చూసి, చూడలేదని సంతకం పెడతాను.

"రాగిణీ, వినాయక చవితినాడు డేవిడ్ గారి జగ్గు నువ్వే ఇచ్చొచ్చావా?"

"ఊఁ. కిరీటి వాంకూవర్ నుంచి ఫోన్ చేశాడు. అన్న భుజం తగ్గిందంట, జగ్ మనింట్లోనే ఉండిపోయింది, ఇచ్చెయ్ అని." ఆమె వీపు నా వైపుంది. గరిటె ఆగలేదు. "గరాజ్‌లో చూస్తే అడుగున నాలుగు గింజలున్నాయి ఆంటీ, మొత్తం వాడేశాడు. పండగపూట, అదీ ఆపరేషన్ అయిన మనిషికి, ఖాళీ జగ్ ఎలా ఇస్తాం? పక్కనే మనది ఇంకోటి ఉంది, ఇంచుమించు నిండా. అదీ అదే సైజు, అవే నల్ల గింజలు. రెండూ ఒకే గన్ షోలో కొన్నారు. దాంట్లోంచి పోశాను. కొంచెం పోస్తే బాగుండదని మూడొంతులు నింపా."

"కిరీటికి చెప్పావా?"

"ఇచ్చేశానని చెప్పా. నింపిచ్చానని చెప్పుకుంటామా?" చిన్నగా నవ్వింది. జనవరి నుంచీ ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. "అడుగున కాస్త మిగిలింది. గరాజ్‌లో ఇంకా అలాగే ఉంది. మీకేమైనా పనికొస్తే చూడండి."

చిన్న కార్బైన్ కోసం కిరీటి కొన్న మందు. దాన్ని చూడ్డానికి గరాజ్‌లోకి వెళ్లక్కర్లేదు. ఆర్నెల్లుగా ఈ ఇంటి సోదాకి ఎవరూ రాలేదు. చనిపోయినవాడి ఇల్లు కదా, మర్యాద.

ఆమె మూత బిగించి, నీళ్ల చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని, డబ్బా నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె దాన్ని చూసింది.

"ఏంటి ఆంటీ? ఆ జగ్ సంగతి ఎందుకడుగుతున్నారు?"

జేబులో ఫోను అదిరింది. లాయరు. నాలుగూ నలభై ఎనిమిది. రెండో జేబులో రికార్డరు తిరుగుతూనే ఉంది. బల్ల మీద ఆమె రాసుకున్న రెండు కాగితాలున్నాయి.

"ముందు నువ్వు కూర్చో రాగిణీ," అన్నాను.